కొలనులో ఏం కలిపారో చెప్పండి

ఈత కొలనుల గురించి హక్కుల పత్రికలో రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. బిందెడు మంచినీళ్ల కోసం ఆడవాళ్లు కుళాయి దగ్గర గంటల తరబడి నిలబడే ఊళ్లలో స్విమ్మింగ్ పూల్ ఉన్నవాళ్ల ముచ్చట కాదా అని మన సంఘాల్లోనే అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. కానీ నేను మాట్లాడుతున్నది క్లబ్బుల గురించీ, స్టార్ హోటళ్ల గురించీ కాదు. ప్రజల డబ్బుతో కట్టి, నెలకింత అని రుసుము తీసుకుని మునిసిపాలిటీలూ, క్రీడా సంస్థలూ నడిపే కొలనుల గురించి. వాటిలో బస్తీల నుంచి వచ్చే ఆడపిల్లలు ఈత నేర్చుకుంటున్నారు. మోకాళ్ల నొప్పులకు ఈత మంచిదని డాక్టరు చెబితే వచ్చే యాభై ఏళ్ల గృహిణులున్నారు. ఆ కొలనులను కడిగే వాళ్లు, వాటిలో మందు కలిపే వాళ్లు ఉన్నారు. వీళ్లందరి కళ్లకూ, చర్మానికీ, ఊపిరితిత్తులకూ సంబంధించిన విషయమిది.

ఈత విలాసం కూడా కాదు. మన దేశంలో ఏటా ముప్పై వేల మందికి పైగా నీట మునిగి చనిపోతున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలే చెబుతున్నాయి. చెరువులోనో, కాలువలోనో మగపిల్లలు ఈత నేర్చుకుంటుంటే ఆడపిల్లను గట్టు మీదే ఉండమంటారు. బట్టలుతకడానికీ, నీళ్లు తేవడానికీ మాత్రం ఆ నీటి దగ్గరికే పంపుతారు. కాబట్టి ఆడపిల్ల ఈత నేర్చుకునే చోటు ఒకటి ఉండాలి, ఆ చోటు ఆరోగ్యానికి హాని చేయనిదై ఉండాలి. ఈ రెండూ హక్కులే.

మా పట్టణంలోని కొలనులో స్త్రీలకు ప్రత్యేకంగా ఒక గంట కేటాయించమని కొన్నేళ్ల కిందట సంఘం తరఫున అడిగాం. ఏడాదికి పైగా అర్జీలు పట్టుకుని తిరిగాక సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు ఇచ్చారు. మొదటి నెలలోనే ముప్పై మంది చేరారు. రెండో నెల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. కళ్లు మండుతున్నాయని ఒకరు, ఇంటికి వెళ్లాక రాత్రంతా దగ్గు వస్తోందని ఒకరు, ఒళ్లంతా పొడిబారి దురద పెడుతోందని ఇంకొకరు. ఆస్తమా ఉన్న ఒక అమ్మాయిని రెండుసార్లు నీళ్లలోంచి బయటికి తెచ్చి కూర్చోబెట్టవలసి వచ్చింది. ఉదయం పూట వచ్చే మగవాళ్లను అడిగితే తమకు అంత బాధ లేదన్నారు.

పంపు ఆపరేటరును అడిగాం. "మూడున్నరకు మందు వేస్తాం మేడమ్. అప్పుడు పూల్ ఖాళీగా ఉంటుంది గదా" అన్నాడు. పగలంతా ఎండకు క్లోరిన్ తగ్గిపోతుంది కాబట్టి, ఐదింటికి వచ్చే మగవాళ్ల బ్యాచ్ నాటికి నీళ్లు సర్దుకునేలా ముందే వేస్తారట. ఎంత వేస్తారని అడిగితే మగ్గు చూపించాడు. సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుందంటే వాసన చూస్తే తెలిసిపోతుందన్నాడు. రిజిస్టరులో చివరి నమోదు ఆరు నెలల కిందటిది. పరీక్ష చేసే పెట్టెలో రసాయనం సీసా ఎండిపోయి ఉంది.

ఆ మనిషి మీద నాకు కోపం లేదు. అతనికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు, సామగ్రి ఇవ్వలేదు. నన్ను కలవరపెట్టింది టైంటేబులు. మగవాళ్లు దిగే వేళకు నీళ్లు సర్దుకోవాలని ఎవరో ఆలోచించారు. ఆ సర్దుకునే గంటలో ముప్పై మంది ఆడవాళ్లు నీళ్లలో ఉంటారని మాత్రం ఎవరికీ తట్టలేదు. కాగితం మీద మాకో గంట ఇచ్చారు గానీ, పంపు గది లెక్కలో అది ఇంకా ఖాళీ గంటే.

ఇక్కడ రసాయనం సంగతి కొంచెం తెలుసుకోవాలి. తెలియకపోతే మన డిమాండు కూడా తప్పుదారి పడుతుంది.

కొలను నీటిలో క్లోరిన్ ఉండాలి. పదుల మంది ఒకే నీటిలో దిగినప్పుడు విరేచనాల రోగాలు, చర్మ వ్యాధులు, కంటి జబ్బులు వ్యాపించకుండా ఆపేది అదే. అది తగ్గితే ఏమవుతుందో కేరళ చూసింది. మెదడును తినే అమీబా అని పత్రికలు రాస్తున్న క్రిమి 2024, 2025 సంవత్సరాల్లో అక్కడ ప్రాణాలు తీసింది. ముక్కు ద్వారా నీళ్లతో పాటు లోపలికి పోయి మెదడుకు చేరే ఈ క్రిమి, క్లోరిన్ సరిగా ఉన్న నీటిలో బతకలేదు. 2025 సెప్టెంబరులో తిరువనంతపురంలో ఒక కుర్రవాడికి ఈ జబ్బు రాగా, అతను దిగిన కొలనును అధికారులు మూసివేశారు. కాబట్టి క్లోరిన్ వేయొద్దు అనడం మన నినాదం కాకూడదు.

అయితే ఎంత? కొలను నీటిలో స్వేచ్ఛగా మిగిలి ఉండే క్లోరిన్ లీటరుకు కనీసం 1 మిల్లీగ్రాము ఉండాలని సాధారణంగా పాటించే లెక్క. ప్రజలు వాడే కొలనుల్లో అది 3 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. దీనితో పాటు పిహెచ్, అంటే నీటి ఆమ్ల క్షార గుణం, 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. పిహెచ్ 8 దాటిందంటే వేసిన క్లోరిన్‌లో క్రిములను చంపే భాగం నాలుగో వంతు కూడా ఉండదు. అప్పుడు పని చేయడం లేదని ఇంకాస్త వేస్తారు. పిహెచ్ మరీ పడిపోతే కళ్లూ చర్మమూ మండుతాయి. రెండు అంకెలూ కలిపి చూస్తే తప్ప నీళ్లు ఎలా ఉన్నాయో చెప్పలేం.

వాసన సంగతి మరీ ముఖ్యం. ఘాటుగా వాసన వస్తే క్లోరిన్ బాగా పడిందనీ, నీళ్లు శుభ్రమనీ మనవాళ్లు అనుకుంటారు. నిజానికి కొలను దగ్గర ముక్కు పుటాలదిరే ఆ వాసన ఎక్కువగా క్లోరమైన్లది. మన చెమట, మూత్రం, ఒంటి మురికి క్లోరిన్‌తో కలిసినప్పుడు పుట్టేవి ఈ క్లోరమైన్లు. కళ్లు ఎర్రబారడానికీ, దగ్గుకూ ఎక్కువగా కారణం ఇవే. గాలి ఆడని కప్పు కింద కొలను ఉంటే ఇవి నీటి మీదే పేరుకుంటాయి. ఘాటైన వాసన అంటే నీళ్లు పాతబడ్డాయని, మనుషులు ఎక్కువయ్యారని, కొత్త నీరూ గాలీ కావాలని అర్థం. ముక్కుతో క్లోరిన్ కొలిచే పద్ధతి సరిగ్గా తిరకాసు అయ్యేది ఇక్కడే.

ఇది పిల్లలకు ఆస్తమా తెస్తుందా అన్నదాని మీద శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. బెల్జియంలో 2003లో ప్రచురించిన అధ్యయనం కప్పు ఉన్న కొలనులకు తరచుగా వెళ్లే బడిపిల్లల్లో ఊపిరితిత్తుల మీద ప్రభావం కనబడిందని చెప్పింది. బ్రిటన్ పిల్లలపై 2011లో వచ్చిన అధ్యయనంలో అలాంటి హాని కనబడలేదు. కాబట్టి తల్లులను భయపెట్టే మాటలు మనం మాట్లాడకూడదు. ఆస్తమా ఉన్నవారికి ఆ గాలిలో దగ్గూ ఆయాసమూ పెరగడం మాత్రం వివాదం లేని విషయం.

ఇదంతా రోజువారీ ఇబ్బంది. అసలు ప్రమాదం క్లోరిన్ వాయువు. 2023 అక్టోబరు 10న పుణె పక్కన పింప్రి చించ్‌వడ్‌లోని కాసర్‌వాడిలో ప్రజలు వాడే కొలను దగ్గర క్లోరిన్ వాయువు లీకై ఇరవై మంది దాకా ఆసుపత్రి పాలయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో యుద్ధభూమిలో ఆయుధంగా వాడింది ఈ వాయువునే. గాలి కంటే రెండున్నర రెట్లు బరువైనది కాబట్టి పైకి పోకుండా నేలనూ నీటినీ అంటిపెట్టుకుని పాకుతుంది. ఈదేవాళ్ల ముక్కు ఉండేది సరిగ్గా అక్కడే. పొట్టి పిల్లల ముఖాలూ ఆ ఎత్తులోనే ఉంటాయి.

సిలిండరు ఉంటేనే ఈ వాయువు వస్తుందనుకోవద్దు. పిహెచ్ తగ్గించడానికి వాడే యాసిడూ, క్లోరిన్ ద్రావకమూ నీటిలో పలచబడకుండా నేరుగా ఒకదానితో ఒకటి కలిస్తే చాలు. ఒకే మగ్గుతో ముందు ఒకటీ తరువాత ఇంకొకటీ తీసినా ప్రమాదమే. యంత్రంతో మందు పంపే చోట్ల మరో చిక్కుంది. కరెంటు పోయో, మరమ్మతు వచ్చో నీటి పంపు ఆగి, మందు పంపే యంత్రం మాత్రం నడుస్తూ ఉంటే రెండూ గొట్టంలోనే కలిసి వాయువు నిలవ ఉంటుంది. పంపు మళ్లీ ఆడగానే అదంతా ఒక్కసారిగా కొలనులోకి వస్తుంది. అందుకే పంపు ఆగిపోయి మళ్లీ మొదలయ్యే వేళ నీళ్లలో ఎవరూ ఉండకూడదన్నది కచ్చితమైన నియమం. మన ఊళ్లలో కరెంటు ఎన్నిసార్లు పోతుందో మనకు తెలుసు. పోయినప్పుడల్లా అందరినీ బయటికి రమ్మని విజిల్ వేసే కొలనులెన్ని?

ఇక మందు కలిపే చేతుల గురించి. మేము వెళ్లే కొలనులో బట్టలు మార్చుకునే గదులూ, మరుగుదొడ్లూ కడిగేది కాంట్రాక్టరు కింద పనిచేసే ఒక స్త్రీ. చేతికి తొడుగు లేదు, కాళ్లకు బూట్లు లేవు. పాచి వదలాలని బ్లీచింగ్ పౌడరు చల్లి, దాని మీద యాసిడ్ పోస్తుంది. అలా చేయమని చెప్పింది సూపర్‌వైజరే. "దగ్గొస్తే కాసేపు బయటికెళ్లి నిలబడతానక్కా. తగ్గాక మళ్లీ వచ్చి కడుగుతా" అంది. తలుపు మూసిన చిన్న గదిలో ఆమె పీల్చేది ఆ క్లోరిన్ వాయువునే. బడుల్లో, ఆసుపత్రుల్లో, అపార్టుమెంట్లలో, మన ఇళ్లలోనూ ఈ మిశ్రమం రోజూ జరుగుతోంది. ఈ పని చేసేవారిలో ఎక్కువమంది దళిత స్త్రీలని వేరే చెప్పనక్కర్లేదు.

నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరు వేల మందికి పైగా మనుషులను ఇరవై ఏళ్ల పాటు గమనించి 2018లో ఫలితాలు ప్రచురించారు. శుభ్రం చేసే పని వృత్తిగా ఉన్న స్త్రీలలోనూ, ఇంట్లో ఆ పని చేసే స్త్రీలలోనూ ఊపిరితిత్తుల శక్తి మిగతా స్త్రీల కంటే వేగంగా తగ్గిందని తేలింది. రసాయనం మంచి చెడ్డల గురించి మాట్లాడుతూ ఆ రసాయనం పోసే స్త్రీని మరచిపోతే మనం మాట్లాడేది సగం మాటే అవుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. మేము ఫిర్యాదు చేసినప్పుడు వచ్చిన మొదటి జవాబు ఏమిటో తెలుసా? "ఆడవాళ్లకు పడకపోతే ఆ బ్యాచ్ తీసేద్దాం." రెండో జవాబు, "మీరు తలకు నూనె రాసుకుని వస్తారు, పౌడరు, పసుపు పూసుకుంటారు, అందుకే నీళ్లు పాడవుతున్నాయి." మూడో జవాబు మన ఇళ్లలోనే వచ్చింది. పిల్లకు దగ్గు వస్తోంది కదా, ఈత మానిపించండి అని.

నూనె, చెమట క్లోరిన్‌ను తినేస్తాయన్నది నిజమే. అందుకే దిగే ముందు ప్రతి ఒక్కరూ, మగవాళ్లతో సహా, స్నానం చేయాలి. కానీ స్త్రీల గదిలో ఉన్న మూడు షవర్లలో ఒక్కటీ పని చేయడం లేదే! స్నానానికి నీళ్లివ్వకుండా స్నానం చేయలేదని నిందించడం ఏ న్యాయం? గర్భిణులు అసలు రాకూడదని కూడా నోటిమాటగా చెబుతున్నారు. డెన్మార్క్‌లో డెబ్బై వేలకు పైగా గర్భాల వివరాలను పరిశీలించి 2010లో వెలువరించిన అధ్యయనంలో, కొలనులో ఈత కొట్టినందువల్ల నెలలు నిండకుండా ప్రసవాలు గానీ, బిడ్డకు అవయవ లోపాలు గానీ పెరిగినట్టు కనబడలేదు. డాక్టరు సలహా తీసుకోవలసిందే గానీ గేటు దగ్గర వాచ్‌మన్ నిర్ణయించే విషయం కాదది.

ప్రమాదం ఎక్కడ కనబడినా ముందుగా ఆడవాళ్లను అక్కడి నుంచి తప్పించడం మనకు కొత్త కాదు. చీకటి వీధిలో దీపం పెట్టమంటే ఆడపిల్లను చీకటి పడకముందే ఇంటికి రమ్మంటారు. కొలను విషయంలోనూ అదే జరుగుతోంది. నీళ్లు బాగు చేయమంటే మమ్మల్ని నీళ్లలోంచి తీసేస్తామంటున్నారు. అందుకే నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కొలను మూయించడం మన డిమాండు కాదు, మన పిల్లలను మానిపించడమూ కాదు. ఆ నీటిలో ఏముందో కొలిచి, ఆ అంకెను అందరికీ కనబడేలా గేటు దగ్గర బోర్డు మీద రాయించడం మన డిమాండు. నీళ్లలో దిగేవారికీ, మందు కలిపేవారికీ అది తెలుసుకునే హక్కు ఉంది.

తెలియకపోతే ఏమవుతుందో మన రాష్ట్రాల స్త్రీలకు అనుభవమే. 2022 జూన్‌లో, మళ్లీ ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లోని దుస్తుల కర్మాగారంలో వందలమంది స్త్రీ కార్మికులు విషవాయువు పీల్చి వాంతులతో, కళ్లు తిరిగి ఆసుపత్రుల్లో చేరారు. మొదట అమోనియా అన్నారు, తరువాత పరీక్షల్లో క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందు ఆనవాళ్లు బయటపడ్డాయి. మంచం మీద ఉన్న స్త్రీకి తాను ఏం పీల్చిందో తెలియదు, వైద్యం చేసే డాక్టరుకూ తెలియదు. ఆ స్థితి చిన్న కొలను దగ్గరైనా పెద్ద కర్మాగారంలోనైనా ఒకటే.

చట్టాలు మన చేతిలో లేకపోలేదు. కొలను నీటి నాణ్యతకు భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 3328 అనే ప్రమాణాన్ని 1993లోనే ప్రచురించింది. కార్మికుల ఆరోగ్య హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995లో ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో చెప్పింది. రుసుము కట్టి వాడుకునే సేవ కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేసే మార్గమూ ఉంది. వీటన్నిటికంటే మనకు అలవాటైనది 2005 సమాచార హక్కు చట్టం. కాగితాలు అడగడానికే అది పనికొస్తుందని అనుకుంటాం గానీ, అందులోని సెక్షన్ 2(జె) ప్రకారం పనులను స్వయంగా తనిఖీ చేసే హక్కూ, ధ్రువీకరించిన నమూనాలు తీసుకునే హక్కూ మనకున్నాయి. అంటే మునిసిపల్ కొలను రిజిస్టరు నకలు అడగవచ్చు, నీటి నమూనా కూడా అడగవచ్చు. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే ముప్పై రోజులు కాదు, 48 గంటల్లో ఇవ్వాలి.

కొలవడం కష్టమా? మన సంఘాల్లో చాలామంది పంచాయతీల్లో క్లోరోస్కోపు పట్టుకుని కుళాయి నీళ్లు పరీక్షించినవాళ్లే. తాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము క్లోరిన్ మిగలాలని అడిగినవాళ్లమే. కొలనుకు కావలసింది అలాంటి పరికరమే. ఒక్క జాగ్రత్త ఉంది. నీటిని పసుపు రంగుకు తిప్పే పాత పరీక్ష క్లోరిన్‌నూ క్లోరమైన్లనూ విడివిడిగా తేల్చదు. గులాబీ రంగుకు తిప్పే డిపిడి పరీక్ష తేలుస్తుంది. కొలనుకు అదే అడగాలి. మొదట్లో వేసిన ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. కుళాయి నీళ్లలో క్లోరిన్ కొలవని మునిసిపాలిటీ, కొలనులో కొలవని మునిసిపాలిటీ ఒకటే. ఒకచోట కొలిపించడం నేర్చుకుంటే రెండోచోటా కొలిపించగలం.

మనం అడగవలసినవి ఇవి:

1. ప్రతి బ్యాచ్‌కు ముందు క్లోరిన్, పిహెచ్ కొలిచి, సమయంతో సహా గేటు దగ్గర తెలుగులో బోర్డు మీద రాయాలి. ఎంత ఉండాలో కూడా పక్కనే రాయాలి.

2. స్త్రీల బ్యాచ్‌కు ముందు మందు వేసే పద్ధతి మానాలి. చివరి బ్యాచ్ వెళ్లిన తరువాత వేయాలి. మధ్యలో వేయవలసి వస్తే మళ్లీ కొలిచి, అంకె సరిగా ఉంటేనే దించాలి.

3. యాసిడ్, క్లోరిన్ మందులు వేరు వేరు గదుల్లో, వేరు వేరు పాత్రలతో ఉంచాలి. పంపు ఆగితే అందరినీ బయటికి పిలవాలి.

4. ఆపరేటరుకూ, శుభ్రం చేసే కార్మికురాలికీ శిక్షణ, తొడుగులు, బూట్లు, కళ్లద్దాలు, ఏడాదికోసారి ఊపిరితిత్తుల పరీక్ష ఇవ్వాలి. కాంట్రాక్టరు పేరు చెప్పి మునిసిపాలిటీ తప్పించుకోకూడదు.

5. స్త్రీల గదిలో షవర్లు పని చేయాలి. ఫిర్యాదు చేసినందుకు బ్యాచ్ రద్దు చేయకూడదు.

ఇవి ఒప్పుకునే వరకు మనమే కొన్ని జాగ్రత్తలు చెప్పుకోవాలి. వాయువు వాసన ఒక్కసారిగా ఘాటుగా తగిలితే నీళ్లలోంచి వెంటనే బయటికి రండి. గాలి వీస్తున్న వైపుకు ఎదురుగా, ఎత్తైన చోటికి వెళ్లండి. తడి బట్టలు మార్చి, కళ్లూ ఒళ్లూ మంచినీళ్లతో బాగా కడుక్కోండి. ఊపిరి తేలికైనట్టు అనిపించినా ఆసుపత్రికి వెళ్లండి, ఎందుకంటే ఊపిరితిత్తుల్లో వాపు కొన్ని గంటల తరువాత కూడా రావచ్చు. బ్లీచింగ్ పౌడరు, యాసిడ్ ఎప్పుడూ కలపవద్దని మీ ఆఫీసుల్లో, బడుల్లో శుభ్రం చేసే అక్కచెల్లెళ్లకు ఈ వారమే చెప్పండి. వాళ్లకంటే ముందు వాళ్లతో పని చేయించే వాళ్లకు చెప్పండి.

మా పట్టణంలో ఇప్పటికి మందు వేసే వేళ మాత్రం మారింది. బోర్డు ఇంకా రాలేదు. కార్మికురాలికి తొడుగులు ఇచ్చారు గానీ యాసిడ్ సీసా అక్కడే ఉంది. సమాచార హక్కు కింద నీటి నమూనా కోసం దరఖాస్తు పెట్టాం. మీ ఊరి కొలను గేటు దగ్గర ఏ అంకెలున్నాయో, అసలు బోర్డే ఉందో లేదో చూసి పత్రికకు రాయండి. పది ఊళ్ల సంగతులు ఒకచోట చేరితే కలెక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి మనకు గట్టి కాగితం అవుతుంది.